మీకు తెలుసా? మనం దిగకుండా వెళ్లిపోయే ఊళ్లు

సెలవులొస్తే అరకు, మొక్కుంటే తిరుపతి, డబ్బులుంటే ఊటీ. మనవాళ్ల ప్రయాణాలు చాలావరకు ఈ మూడు ముక్కల్లో సరిపోతాయి. అరకునూ తిరుపతినీ తప్పుపట్టడం లేదు. అక్కడికి వెళ్లే దారిలోనే, బస్సు టీకి ఆగే చోటికి కాస్త అవతల, లోకంలోని పండితులు వెతుక్కుంటూ వచ్చే చోట్లున్నాయి. మనం మాత్రం కిటికీకి తల ఆనించి నిద్రపోతూ వాటిని దాటేస్తాం. ఈ జాబితాలోనివన్నీ అలాంటివే. వీటి కోసం పర్వతాలు ఎక్కక్కర్లేదు, చాలా చోట్లకు ఆటో మాట్లాడుకుంటే చాలు.

అశోకుడి పద్నాలుగు శాసనాలూ ఒకేచోట ఉన్న గుట్ట కర్నూలు జిల్లాలో ఉందని తెలుసా?

అశోకుడనగానే సారనాథ్ సింహాలో, ఒడిశాలోని ధౌళియో గుర్తొస్తాయి. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి అనే ఊరుంది. దాని దగ్గర గుట్ట మీది బండరాళ్లపై ఆయన పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ చెక్కి ఉన్నాయి. వాటి పక్కనే చిన్న శాసనం కూడా ఉంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటి రాతలివి. 1929లో వీటిని లోకానికి చూపించినవాడు చరిత్రకారుడు కాదు, అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త.

ఆ చిన్న శాసనంలో ఒక వింత ఉంది. బ్రాహ్మీ లిపిని ఎడమ నుంచి కుడికి రాస్తారు. ఇక్కడ చెక్కినవాడు ఒక పంక్తిని ఎడమ నుంచి కుడికి నడిపి, తర్వాతి పంక్తిని కుడి నుంచి ఎడమకు తిప్పాడు. చాలు చివరిదాకా పోయిన కాడెద్దులు వెనక్కి తిరిగినట్టు. పోనీ చివరిదాకా ఆ లెక్కైనా పాటించాడా అంటే, లేదు. మధ్యలో కొన్నిచోట్ల తప్పింది. ఎందుకిలా చేశాడన్నది పండితుల మధ్య తెగని వాదం. చక్రవర్తి ఆజ్ఞను కూడా తనకు తోచినట్టు రాసిన ఆ చెక్కుడు పనివాడంటే నాకు మాత్రం భలే ఇష్టం. శాసనంలోని విషయం కూడా గంభీరమైన తత్వమేమీ కాదు. తల్లిదండ్రుల మాట వినండి, పెద్దలను గౌరవించండి, నిజం చెప్పండి అంటుంది. ఈ మాటలు ఊళ్లో ఎవరెవరు ఎవరెవరికి చేరవేయాలో కూడా చెబుతుంది. ఆ జాబితాలో మావటీలు, లేఖకులు కూడా ఉన్నారు.

పక్కనే జొన్నగిరి. దక్షిణాదిలో అశోకుడి ప్రతినిధి కొలువుండిన సువర్ణగిరి ఇదేనని కొందరు చరిత్రకారులంటారు. ఆ సంగతి అటుంచితే, తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో జనం తలలు వంచుకుని నడుస్తూ కనిపిస్తారు. వజ్రాల వేట! వాన నీరు పైమట్టిని కడిగేస్తే ఎర్రనేలలో తళుక్కుమనే రాయి దొరుకుతుందేమోనన్న ఆశ. పక్క జిల్లాల నుంచి సద్దిమూటలతో వచ్చి, బడిలోనో గుడిలోనో పడుకుని రోజుల తరబడి వెతికేవాళ్లున్నారు. ఎక్కడో ఒకరికి నిజంగానే దొరుకుతుంది. ఆ వార్త పేపర్లో పడిందంటే మర్నాటికి జనం రెట్టింపవుతారు. మీరూ వెళ్లొచ్చు గానీ, విత్తనం పడ్డ చేలో అడుగుపెడితే రైతు ఊరుకోడు. ఊరుకోకపోవడమే న్యాయం.

ఇదే దారిలో ఒక చావు కథ కూడా ఉంది. దత్తమండలాలకు కలెక్టరుగా, ఆ తర్వాత మద్రాసు గవర్నరుగా పనిచేసిన థామస్ మన్రో 1827 జులైలో పత్తికొండలో కలరాతో పోయాడు. ఆయన్ని గుత్తి కోట కింద ఇంగ్లిష్ వాళ్ల శ్మశానంలో పాతిపెట్టారు. తర్వాత అవశేషాలను మద్రాసుకు తీసుకెళ్లి, సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చిలో మళ్లీ ఖననం చేశారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మాట్లాడింది ఈ దొరతోనేనని భక్తులు చెప్పుకుంటారు. మద్రాసు మౌంట్ రోడ్డులో జీను, రికాబులు లేని గుర్రం మీద కూర్చున్న విగ్రహం కూడా ఈయనదే. విగ్రహాన్ని ఎరిగినవాళ్లకు కూడా పత్తికొండ సంగతి తెలియదు.

గుత్తి జంక్షన్‌లో అర్ధరాత్రి రైలు మారినవాళ్లు లక్షల్లో ఉంటారు. ఎదురుగా ఉన్న కొండ ఎక్కినవాళ్లు ఎందరో! పైన మరాఠా సర్దారు మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మంటపం ఉంది. అక్కడ చదరంగం ఆడుకుంటూ, ఖైదీలను కొండ అంచు నుంచి తోయించేవాడని స్థానికుల కథనం. ఆ మురారిరావునే హైదర్ అలీ ముట్టడించాడు. ఇంత పెద్ద కోటనూ లొంగదీసింది ఫిరంగులు కాదు, నీళ్ల కరువు. వేసవిలో ఎక్కేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకుని రెండు సీసాలు ఎక్కువ పట్టుకెళ్లండి.

సుమత్రా దీవిలో పేలిన అగ్నిపర్వతం బూడిద బనగానపల్లె దగ్గర దొరుకుతుందని తెలుసా?

బనగానపల్లెకు వచ్చినవాళ్లు నవాబు బంగ్లా దగ్గర తప్పక ఆగుతారు. ‘అరుంధతి’ సినిమా అక్కడ తీశారు కదా, ఫొటో దిగాలి. తర్వాత యాగంటి వెళ్లి, పెరుగుతుంటాడని చెప్పుకునే బసవన్నకు దండం పెట్టుకుంటారు. ఆ చుట్టుపక్కలే, జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం అనే పల్లె ఉంది. దాని పేరు అడిగేవాడు ఉండడు.

దాదాపు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలింది. గత ఇరవై లక్షల ఏళ్లలో అంత పెద్ద పేలుడు లేదంటారు. ఆ బూడిద గాలిలో బంగాళాఖాతం దాటొచ్చి మన నేల మీద రాలింది. వాగులు దాన్ని లోయల్లోకి ఈడ్చుకొచ్చి పోగేశాయి. జ్వాలాపురంలో ఆ పొర కొన్నిచోట్ల రెండు మీటర్లు దాటుతుంది. తెల్లగా, పిండిలా ఉండే ఆ బూడిదను ఊరివాళ్లు తవ్వి అమ్మేవాళ్లు. ఆ గోతుల దగ్గరే పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వకాలు జరిపి, బూడిద పొర కిందా పైనా కూడా రాతి పనిముట్లు కనుగొన్నారు. రెండింటికీ పోలికలున్నాయి. అంటే ఆ మహా ప్రళయం తర్వాత కూడా ఇక్కడి మనుషులు బతికి బట్టకట్టారేమో! 2007లో ‘సైన్స్’ పత్రికలో ఈ ఫలితాలు రాగానే ప్రపంచమంతా చర్చ మొదలైంది. ఆ పనిముట్లు చేసింది మనలాంటి మనుషులా, అంతకుముందటి జాతులా అన్నది ఇంకా తేలలేదు. అక్కడ టిక్కెట్టు కౌంటరు లేదు, బోర్డు ఉంటుందన్న నమ్మకమూ లేదు. తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లడం మేలు.

అక్కడిదాకా వెళ్లినప్పుడు బెలుం గుహలు వదలొద్దు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు పట్టించుకున్నవాళ్లు లేరు. 1982, 83లలో జర్మన్ గుహాన్వేషకులు వచ్చి కొలిస్తే పొడవు 3,229 మీటర్లని తేలింది. 2002లో పర్యాటకులకు తెరిచారు. పైన చూస్తే చదునైన పొలం, మధ్యలో ఓ గొయ్యి, అంతే. లోపల మాత్రం నీళ్లు సున్నపురాయిని కోసుకుంటూ చేసిన దారులు. చిట్టచివర పాతాళగంగ. ఉక్కపోతకు సిద్ధపడి వెళ్లాలి. బొర్రా గుహల్లో ఉండే చల్లదనం ఇక్కడ ఉండదు.

తిరుపతి వెళ్లి గుడిమల్లం చూడకుండా వచ్చేవాళ్లే నూటికి తొంభైతొమ్మిది మంది

లెక్క నాది, పొరపాటైతే తొంభైతొమ్మిదిన్నర అయి ఉంటుంది. ఏర్పేడు మండలంలో స్వర్ణముఖి ఒడ్డున ఉన్న గుడిమల్లంలో పరశురామేశ్వరుడి లింగం సుమారు అయిదడుగుల ఎత్తు ఉంటుంది. లింగం ముందు భాగంలో నిలువెత్తు శివుడు. ఒక చేత గొర్రెపోతు, ఇంకో చేత చిన్న గిన్నె, భుజాన గొడ్డలి, కాళ్ల కింద మరుగుజ్జు రూపం. వేటగాడిలా ఉంటాడు తప్ప, కైలాసంలో కూర్చునే ఆసామిలా ఉండడు. ఇది క్రీస్తుపూర్వపు శిల్పమని ఎక్కువమంది పండితుల మాట. ఇంతవరకు దొరికిన శివలింగాల్లో అతి పాతవాటిలో ఒకటి. ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. గర్భగుడి నేలమట్టం కన్నా కిందికి ఉంటుంది, గుడి వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా తిరుగుతుంది.

గుడిమల్లం దారిలోనే పాపానాయుడుపేట తగులుతుంది. గాజుపూసల ఊరు. కొలిమిలో కరిగించిన గాజును సన్నటి గొట్టంగా లాగి, ముక్కలు కోసి పూసలు చేసే పద్ధతి అక్కడిది. రెండువేల ఏళ్ల కిందట పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో చేసిన పూసలూ ఇలా లాగి చేసినవే. ఆగ్నేయాసియా తవ్వకాల్లో అలాంటి పూసలు కుప్పలుగా దొరుకుతాయి. ఆ ప్రాచీన పద్ధతిని అర్థం చేసుకోవడానికి విదేశీ పరిశోధకులు ఈ కొలిముల దగ్గరే వచ్చి కూర్చున్నారు.

తిరుమల ఘాట్ రోడ్డు మీద కూడా ఒక సంగతి ఉంది. బస్సు మలుపు తిరిగేటప్పుడు కొండను కోసిన చోట కింద ఒక రకం రాయి, పైన పొరలు పొరలుగా మరో రకం రాయి కనిపిస్తాయి. కిందిది పాత గ్రానైటు, పైది ఎప్పుడో నీళ్ల కింద పేరుకున్న ఇసుక గట్టిపడి మారిన క్వార్ట్‌జైట్ రాయి. రెండింటి మధ్య గీతలో కొన్ని పదుల కోట్ల సంవత్సరాలు మాయమయ్యాయి. భూగర్భ శాస్త్రం చదివేవాళ్లు ఆ గీత కోసమే తిరుమల వస్తారు. 2025లో తిరుమల కొండలు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది ఈ సహజ సంపదతోనే. విశాఖ, భీమిలి మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలు కూడా అదే విడతలో ఆ జాబితాకెక్కాయి.

కనుమ రోజున బుద్ధుడి కొండ మీద రాళ్లేసేవాళ్లు

అనకాపల్లి పక్కన శంకరం ఊళ్లో బొజ్జన్నకొండ ఉంది. బుద్ధుడి కొండే జనం నోట్లో బొజ్జన్న కొండైంది. పక్కనున్న లింగాలకొండ మీద లింగాల్లా కనిపించేవి నిజానికి కొండరాయినే తొలిచిన వరసల వరసల స్తూపాలు. 1906లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వించాడు. బౌద్ధం పోయాక ఆ విగ్రహాలెవరివో జనం మరిచిపోయారు. బొజ్జ ఆకారంలో ఉన్న రూపాన్ని రాక్షసుడనుకుని, కనుమ పండగనాడు ఊరంతా వచ్చి రాళ్లు రువ్వే ఆచారం మొన్నమొన్నటిదాకా నడిచింది. వారసత్వ పరిరక్షణ చూసేవాళ్లు పదేపదే చెప్పాక అది ఆగింది. జనాన్ని తిట్టి లాభం లేదు. ఆ కొండ ఎవరిదో వాళ్లకు చెప్పినవాడు లేడు.

ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గర గుంటుపల్లిలో ఇందుకు తలకిందులు. గుండ్రటి గుహలో రాతి స్తూపం ఉంటే దాన్ని లింగమనుకుని మొక్కారు. ఆ గుహలో పైకి చూడండి. రాతి కప్పుకు వాసాలు, దూలాలు చెక్కి ఉంటాయి. రాయికి వాసాలెందుకు? ఆనాటి కొయ్య కట్టడాలను చూసి, అలవాటు కొద్దీ రాతిలోనూ అవే తొలిచారు. కొయ్యవన్నీ ఎప్పుడో చెదలు తినేశాయి కనక, రెండువేల ఏళ్ల కిందటి వడ్రంగం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇలాంటి గుహలే దిక్కు.

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో మొదట గుర్తించింది ఎవరనుకున్నారు? వ్యావహారిక భాషోద్యమం నడిపిన గిడుగు రామమూర్తి పంతులు. సవర భాషకు వ్యాకరణం రాయడం, గ్రాంథికవాదులతో పోట్లాడటం చాలవన్నట్టు కొండలు కూడా ఎక్కారు!

సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లాయి. 2024లో అక్కడే ఓ కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి, ఇక్ష్వాకుల నాటివి. సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే రోడ్డుకు దగ్గరే.

రాతి మీద సప్తర్షి మండలం

నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో ముడుమాల్ ఊరి బయట పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తున్న నిలువురాళ్లు ఎనభై దాకా ఉన్నాయి. చుట్టూ వేల చిన్నరాళ్లు వరసల్లో పాతి ఉన్నాయి. ఆకాశాన్ని, సూర్యుడి ఉత్తరాయణ దక్షిణాయనాలను గమనించేందుకు పెట్టినవని పరిశోధకుల అభిప్రాయం. ఒక రాతి మీద తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయి. ఇనుపయుగం సమాధులతో ముడిపడ్డ ఈ చోటు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. ఊరివాళ్లకు మాత్రం అక్కడ నిలురాళ్ల తిమ్మప్ప ఉన్నాడు. దేవుడున్నాడు కనకే ఆ రాళ్లు గడపలకూ గట్లకూ పోకుండా ఇన్నాళ్లు మిగిలాయి.

నల్గొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. అందులో ఒక గర్భగుడి గోడ మీద స్తంభం నీడ పొద్దస్తమానం కదలకుండా నిలబడి ఉంటుంది. ఏ స్తంభం నీడో చెప్పమంటే చెప్పలేం. బయటి నుంచి పలు దారుల్లో లోపలికి వచ్చే వెలుతురు, స్తంభాల అమరిక కలిసి ఆ నీడను చేస్తాయి. కుందూరు చోళుల కాలం కట్టడం. వెళ్తే అక్కడున్న మూడు గర్భగుళ్లలోకీ తొంగిచూడండి. తేడా మీకే తెలుస్తుంది.

కోటలూ గుళ్లూ చాలు, బయటికి వద్దాం

కడప లంకమల అడవుల్లో కలివికోడి అనే పక్షి ఉంది. 1848లో జెర్డాన్ అనే ప్రకృతి పరిశోధకుడు దీన్ని లోకానికి పరిచయం చేశాడు, 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందని పుస్తకాల్లో రాసేశారు. 1986లో సిద్ధవటం ప్రాంతంలో మళ్లీ దొరికింది. దాన్ని పట్టి తెచ్చింది అడవిలో తిరిగే స్థానికుడే! శాస్త్రవేత్తలు చిత్రాలు చూపించి ఊరూరా అడిగితే, పేరుతో సహా చెప్పినవాళ్లు ఉన్నారు. కలివి పొదల్లో ఉంటుంది కనక కలివికోడి. రాత్రిపూట తిరిగే పిట్ట. దీని కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చారు. చూడాలని వెళ్తే మాత్రం నిరాశే, అభయారణ్యంలోకి అనుమతి తీసుకోవాలి, అప్పుడైనా పిట్ట కనిపించదు. అడవి మాత్రం కనిపిస్తుంది.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను గురించి విన్నవాళ్లే ఎక్కువ, చూసినవాళ్లు తక్కువ. 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. దాని నీడ అయిదెకరాల దాకా పరుచుకుంది. మొదటి మాను ఎక్కడుందో వెతుక్కోవాలి.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చలికాలమంతా చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కాపురం పెడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానాకాలంలో నత్తగుల్ల కొంగలు వస్తాయి. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు ఊరివాళ్లు. అవి రాని ఏడు కరువొస్తుందని భయం. సైబీరియా నుంచి వస్తాయని పేపర్లు ఏటా రాస్తుంటాయి. గూడబాతుకూ, ఎర్రకాళ్ల కొంగకూ సైబీరియాతో పని లేదు, అవి మన దక్షిణాసియా పక్షులే.

కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో పడవెక్కేవాళ్లకు ఒక మాట. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు, ఓడలు కట్టే చోటు. ఇక్కడి నుంచి ఎందరు రంగూన్ వెళ్లారంటే, బర్మాలో తెలుగువాళ్లందరినీ ఊరి పేరు పెట్టి కోరంగీలనే పిలిచేవారు. 1839 నవంబరు తుపానులో ఉప్పెన వచ్చి రేవును ఊడ్చేసింది. మళ్లీ అది కోలుకోలేదు. అక్కడికి దగ్గర్లోనే యానాం. శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలు నేరమయ్యాక, బ్రిటిష్ చట్టం చెల్లని ఆ ఫ్రెంచి గడ్డ మీదికి వెళ్లి గుట్టుగా పిల్లల పెళ్లిళ్లు చేసొచ్చేవాళ్లు మన పెద్దలు. పర్యాటకం అనేది అన్నిసార్లూ సరదా కోసమే కాదు మరి.

క్యాలెండరు కాదు, జలాశయం మట్టం చూసుకుని వెళ్లాల్సిన గుడి

నంద్యాల జిల్లా సంగమేశ్వరం. కృష్ణలో తుంగభద్ర, భవనాశి లాంటి నదులు కలిసే చోటని ప్రసిద్ధి. శ్రీశైలం డ్యామ్ కట్టాక గుడి నీళ్లలో మునిగింది. అలంపురం పక్కనున్న కూడవెల్లి సంగమేశ్వరుణ్ని రాయి రాయి విప్పి పైకి చేర్చారు గానీ, ఈ గుడిని అక్కడే వదిలేశారు. ఏడాదిలో ఎక్కువ నెలలు శిఖరం కూడా కనబడదు. వేసవిలో మట్టం తగ్గాక ముందు శిఖరం, తర్వాత మంటపం తేలతాయి. అర్చకులు బురద కడిగి పూజలు మొదలుపెడతారు. లోపలిది వేపమొద్దు లింగమని, ధర్మరాజు ప్రతిష్ఠించాడని నమ్మకం. ఏటా నెలల తరబడి నీళ్లలో నానినా చెక్కుచెదరలేదంటారు. ఎగువన వానలు పడి వరదొస్తే మళ్లీ మొదటికే. జులైలో వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు శ్రీశైలం మట్టం ఎంతుందో పేపర్లో చూసుకోండి. నీళ్లు గుడి మెట్ల మీదికి వచ్చాయంటే ఇక పడవలోంచి దండం పెట్టుకోవడమే.